ఓం సిటీ తెరిచాక వెళ్దామనుకున్నాం!

మీ ఇంట్లోనూ వాయిదా పడుతూ వస్తున్న ప్రయాణం ఒకటి ఉండే ఉంటుంది. "పిల్లల పరీక్షలు అవనీ", "ఎండలు తగ్గనీ", "వచ్చే ఏడు చూద్దాంలే"... అవునా? మా ఇంట్లో అలా పదేళ్ళు వాయిదా పడిన ప్రయాణం సంగతి ఇవాళ మీతో చెప్పుకోవాలని కూర్చున్నాను. పొయ్యి మీద పప్పు ఉంటే మంట తగ్గించి వచ్చేయండి!

మాది విశాఖపట్నం. మామయ్యగారు పోర్టులో పనిచేసేవారు, ఇప్పుడు లేరు. మావారు స్టీలుప్లాంటులో. ఉక్కునగరంలో క్వార్టర్సు. అత్తయ్యగారు మాతోనే ఉంటారు. మాకు ఒక్కడే బాబు. 2014లో వాడికి పన్నెండేళ్ళు. ఆ ఏడు అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా ఊరి మీద పడిందని మీకు గుర్తుండే ఉంటుంది. మా వీధిలో నీడనిచ్చే చెట్లన్నీ ఒక్క పూటలో పడిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళు లేవు. నవంబరు 30న సినిమావాళ్ళంతా కలిసి 'మేము సైతం' అనే కార్యక్రమం చేసి మా ఊరికి చందాలు పోగుచేశారు. టీవీ ముందు కూర్చుని చూస్తూ మా బాబు అడిగాడు, "అమ్మా, ఈసారి సెలవులకి రామోజీ ఫిలింసిటీకి వెళ్దామా?" అని. తుఫాను రాత్రి భయంతో నా చెయ్యి వదలని పిల్లాడు. సరేనన్నాను. చీటీ డబ్బులు అందుకే పక్కన పెట్టాను.

అత్తయ్యగారి కోరిక

సరిగ్గా ఆ రోజుల్లోనే పేపర్లో ఓ వార్త వచ్చింది. 2014 డిసెంబరులో అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు ఫిలింసిటీకి వెళ్ళారు. రామోజీరావు అక్కడ తలపెట్టిన 'ఓం సిటీ' గురించి అడిగి తెలుసుకున్నారు. దేశంలో పేరున్న గుళ్ళన్నిటి నమూనాలూ ఒక్కచోటే కడతారన్నది దాని సారాంశం.

అంతే, అత్తయ్యగారి మొహం వెలిగిపోయింది. కాశీ, రామేశ్వరం చూడాలని ఆవిడకి ఎప్పటినుంచో కోరిక. పోర్టులో షిఫ్టు డ్యూటీలు, నలుగురు ఆడపడుచుల పెళ్ళిళ్ళు, పురుళ్ళు... సింహాచలం, అన్నవరం దాటి ఆవిడ వెళ్ళిందే లేదు. "ఏటమ్మాయ్, ఆ గుళ్ళేవో తయారవనీ. ఒక్క ఖర్చుతో మనవడికి సినిమా ఊరు, నాకు కాశీ, రెండూ అయిపోతాయి" అన్నారు. నాకూ సబబుగానే తోచింది. ఖర్చు కలిసొస్తుందంటే మనం ఆగకుండా ఉంటామా చెప్పండి!

సాయంత్రం వాకింగు కబుర్లు

ఇక చూడండి మా కాలనీ సందడి! లలితా పారాయణకి వచ్చేవాళ్ళు, చీటీల వాళ్ళు, సాయంత్రం నడకకి వచ్చేవాళ్ళు, అందరి నోటా అదే మాట. "శివరాత్రికి తెరుస్తారట" అని ఒకావిడ. "కాదు కాదు, కాశీ గుడి అయిపోయిందట, కంచి గుడికి రాళ్ళు రావాలట" అని ఇంకొకావిడ. ఎదురింటివాళ్ళ తోటికోడలి తమ్ముడు అక్కడే వైరింగు పని చేస్తున్నాడట, వాడే చెప్పాడట! తీరా ఆ తమ్ముణ్ణి ఒక పెళ్ళిలో పట్టుకుని అడిగితే, ఆ అబ్బాయి పనిచేసేది హైదరాబాదులో ఏదో అపార్టుమెంటులో.

పిల్లల మధ్య ఇంకో రకం కబుర్లు. 2015 జులై 10న 'బాహుబలి' వచ్చింది. కళాదర్శకుడు సాబు సిరిల్ ఫిలింసిటీలో వేసిన మాహిష్మతి సెట్టును ఆ తర్వాత చూసేవాళ్ళ కోసం అలాగే ఉంచేశారు. "దాని పక్కన ఇంకో రాజ్యం కడుతున్నారట" అని మా వాడు బడి నుంచి వార్త మోసుకొచ్చాడు. పెద్దవాళ్ళేమో, "రాష్ట్రం విడిపోయింది కదా, రెండో ఫిలింసిటీ మన భీమిలి దగ్గరే పెడతారు చూడండి" అనేవారు. దానికో కారణమూ చూపించేవారు. రామోజీరావు 'ఈనాడు' మొదలుపెట్టింది మా ఊళ్ళోనే, 1974 ఆగస్టు 10న. డాబాగార్డెన్స్ దగ్గర డాల్ఫిన్ హోటలూ ఆయనదే. "మన ఊరిని మర్చిపోతారా?" అని వీళ్ళ వాదన.

ఇలా ఒకరికొకరం చెప్పుకుని, ఒకరి మాట ఒకరం నమ్మి, ఏటా ఇంకో ఏడు ఆగాం.

ఆలస్యానికి మేం కొత్తా?

నిజం చెప్పాలంటే, ఆగడం మా ఊరివాళ్ళకి అలవాటే. 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అని 1966లో ఉద్యమం జరిగింది. 32 మంది ప్రాణాలిచ్చారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. మొదటి బ్లాస్ట్‌ఫర్నేసు వెలిగింది 1990లో. దానికి గోదావరి అని ఆడపిల్ల పేరు పెట్టారు. ప్లాంటును జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న, పి.వి.నరసింహారావు ప్రధానిగా ఉండగా. పునాదిరాయికీ అంకితానికీ మధ్య 21 ఏళ్ళు! "ఉక్కు ఫ్యాక్టరీకే ఇరవయ్యేళ్ళు పట్టింది, గుళ్ళకి పదేళ్ళు పట్టవూ?" అనేవారు అత్తయ్యగారు. ఆ మాటకి నా దగ్గర జవాబు ఉండేది కాదు.

ఇంకో సంగతి కూడా ఆలోచించండి. సినిమా సెట్టు వేరు, గుడి వేరు. సెట్టుకి ప్లైవుడ్డు, ఫైబరు, ప్లాస్టరు చాలు. షూటింగు అయ్యేదాకా నిలబడితే దాని పని అయిపోయినట్టే. దాన్ని జనం చూడ్డానికి ఉంచాలంటే మాత్రం ఎండకీ వానకీ పాడవకుండా మళ్ళీ మళ్ళీ రంగులు, మరమ్మతులు. గుడి అయితే తరాలు నిలవాలి. రాయి కావాలి, శిల్పులు కావాలి, భూమి, అనుమతులు, వందల కోట్ల డబ్బు కావాలి. మనం ఇంట్లో దేవుడిగది టైల్సు మార్చడానికే మేస్త్రీ చుట్టూ ఆర్నెల్లు తిరుగుతాం కదా! కట్టేవాళ్ళ ఆలస్యాన్ని నేను తప్పు పట్టను. తప్పు మాది. ఫిలింసిటీ 1996 నుంచీ ఉంది. ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియోగా గిన్నిస్ పుస్తకంలోకి కూడా ఎక్కింది. ఎర్రబస్సులో తిప్పి చూపించే తోటలు, ఉత్తుత్తి రైల్వేస్టేషను, విమానాశ్రయం, భాగవతం సెట్టు, హవామహల్... అన్నీ ఉన్నాయి. ఉన్నదాన్ని వదిలేసి, లేనిదాని కోసం కూర్చున్నది మేమే!

ఈలోగా ఏమైందంటే...

2017లో 'బాహుబలి' రెండో భాగమూ వచ్చింది. మా వాడికి టెన్తు దగ్గరపడింది, ప్రయాణం లేదు. తర్వాత ఇంటర్, ఎంసెట్టు. 2020లో కరోనా. ఫిలింసిటీ కూడా మూసేసి 2021లో మళ్ళీ తెరిచారు. ఆ మరుసటి ఏడు అత్తయ్యగారి మోకాళ్ళు మొండికేశాయి. మంచం దిగి వంటింట్లోకి రావడానికే గోడ పట్టుకోవాల్సి వచ్చేది.

మా బాబు 2023లో కాలేజీ స్నేహితులతో ఫిలింసిటీకి వెళ్ళొచ్చాడు. ఫోటోలు పంపించాడు. మాహిష్మతి ముందు నలుగురు కుర్రాళ్ళు, నల్ల కళ్ళద్దాలతో. "ఎలా ఉందిరా?" అంటే, "బానే ఉందమ్మా" అన్నాడు. అంతే! పన్నెండేళ్ళప్పుడు వెళ్ళి ఉంటే వాడు నెలరోజులు నా బుర్ర తినేవాడు. ఆ ఏనుగు ఎంత, ఆ కోట ఎంత అని చేతులు బార్లా చాపి చూపించేవాడు. ఆ పిల్లాడు నాకిక దొరకడు కదా! ఫోను పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. చీటీ డబ్బులు ఎప్పుడో ఫ్రిజ్జుకి, ఫీజులకి అయిపోయాయి.

2024 జూన్ 8న రామోజీరావు కన్నుమూశారు. ఆయన ఉండగా ఆ గుళ్ళ నగరం జనానికి తెరుచుకోలేదు. టీవీలో వార్త చూస్తూ అత్తయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అన్నారు, "కట్టిద్దామనుకున్న బాబే ఎల్లిపోనారు. ఇంకా మనం దేనికోసం కాసుక్కూచున్నామమ్మా?"

ఆ రాత్రి మావారూ నేనూ మాట్లాడుకున్నాం. హైదరాబాదు దాకా రైలు ప్రయాణం ఆవిడ చెయ్యలేరు. కానీ ఇంట్లోంచి బయటికి తీసుకెళ్ళకూడదని ఎవరన్నారు? బాబు శెలవు పెట్టుకుని వచ్చిన ఆదివారం కారు మాట్లాడి భీమిలి బయల్దేరాం.

భీమిలి రోడ్డు మీద మా సినిమా

తెల్లవారుజామున లేచి పులిహోర కలిపాను. అత్తయ్యగారికి మెత్తగా దద్దోజనం, దార్లో నమలడానికి బెల్లం గవ్వలు. బీచిరోడ్డెక్కేసరికి ఎండ ఇంకా ముదరలేదు. కురుసుర జలాంతర్గామి దగ్గర ఆగాం. ఇది 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో మ్యూజియం అయింది. లోపల తలుపులు ఇరుకు, కాబట్టి అత్తయ్యగారు కారులోంచే దణ్ణం పెట్టారు. కైలాసగిరి, రుషికొండ దాటాం. తొట్లకొండ దగ్గర కొండ మీద రామానాయుడు స్టూడియో కనిపించింది. 2003లో ప్రభుత్వం ఆయనకి 34 ఎకరాల పైచిలుకు ఇచ్చిన చోటు అదే. అక్కణ్ణుంచి ముందుకి వెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. ఎన్ని పాటలకి, ఎన్ని ఫైటింగులకి ఈ దిబ్బలు నేపథ్యమో లెక్కే లేదు. మన దేశపు భూగర్భ వారసత్వ స్థలాల్లో ఇదొకటి.

భీమిలిలో లైట్‌హౌసు దగ్గర కారు ఆపాం. బాబు నాయనమ్మని రెండు చేతులా పట్టుకుని గట్టు మీద కూర్చోబెట్టాడు. ఆవిడ సముద్రాన్ని చూస్తూ ఒక్కసారి నవ్వారు.

"ఇక్కడే... 'మరో చరిత్ర' తీసేటప్పుడు మీ మామయ్య నన్ను సైకిలు మీద బస్టాండు దాకా తెచ్చి, అక్కణ్ణుంచి బస్సులో తెచ్చారు. కమలహాసన్ని చూపిస్తానని. జనం మధ్యలోంచి నాకేటీ కనబడలేదు. కనబడలేదంటే ఆయన చిన్నబుచ్చుకుంటారని, చూసీసినానని చెప్పీసినాను!"

'మరో చరిత్ర' 1978లో వచ్చింది. బాలచందర్ దాన్ని విశాఖలోనూ భీమిలిలోనూ తీశారని తెలుసు గానీ, మా అత్తయ్యగారి కథ ఒకటి అందులో ఉందని నాకు ముప్ఫై ఏళ్ళ కాపురంలో తెలీదు. మావారికీ తెలీదు! మా బాబు నేల మీద కూర్చుని, "తర్వాతేమైంది నాయనమ్మా?" అని అడుగుతూనే ఉన్నాడు. చేతులు బార్లా చాపి చెప్పింది మాత్రం ఆవిడే. జనం ఎంత, కెమెరా ఎంత, తిరిగొచ్చేసరికి అత్తగారి తిట్లు ఎంత అని. పులిహోర డబ్బా ఖాళీ అయ్యేదాకా ఆ కబుర్లు తెమల్లేదు.

ఆవిడ కాశీ చూడలేదు. ఆ లోటు భీమిలితో తీరిందని నేననను. కానీ ఆ సైకిలు కబురు మాకు దక్కింది. ఇంకో రెండేళ్ళు ఆగి ఉంటే అదీ దక్కేది కాదేమో!

మీరు వెళ్ళాలనుకుంటే...

* ఫిలింసిటీ హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే రోడ్డు మీద ఉంది. విశాఖ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం ఎక్కితే పొద్దున్నే దిగొచ్చు. విజయవాడ మీదుగా రోడ్డున వెళ్ళేవాళ్ళకి ఊళ్ళోకి రాకముందే తగులుతుంది. టిక్కెట్టు ధర, వేళలు బయల్దేరేముందే కనుక్కోండి. లోపల నడక ఎక్కువ. మెత్తని చెప్పులు, నూలు చీర మేలు.

* భీమిలి విశాఖకి పాతిక ముప్ఫై కిలోమీటర్లు. పొద్దున్నే వెళ్తే ఎండ తగలదు. గోస్తని నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ళ పాత సమాధులు, కొండ మీద నరసింహస్వామి గుడి చూడండి. ఇక్కడి పురపాలక సంఘం 1861 నాటిది! వేసవిలో అయితే దారి పొడుగునా తాటిముంజలు.

* పెద్దవాళ్ళుంటే మడత కుర్చీ, మంచినీళ్ళు, మందులు, కప్పుకోవడానికి దుప్పటి మర్చిపోకండి. కిందికీ మీదికీ ఎక్కించకుండా, కూర్చున్నచోటి నుంచే సముద్రం కనబడే చోటు చూసుకోండి.

ఓం సిటీ తెరిచిన రోజున మా కాలనీలో మొదటి టిక్కెట్టు నాదే, అందులో అనుమానం లేదు. అందాకా నెలకో ఆదివారం బీచిరోడ్డు. వచ్చేవారం సింహాచలం పైదాకా కారులో వెళ్దామంటున్నారు అత్తయ్యగారు. ఈసారి కలపాల్సింది చింతపండు పులిహోరా, నిమ్మకాయ పులిహోరా అన్నది ఒక్కటే మా ఇంట్లో తేలాల్సిన విషయం!