ఉండిపోయినవాళ్లు

దేవుడి పని మీద దూరదేశం బయల్దేరే రోజున ఎవరికైనా ఉత్సాహం ఉంటుంది. ఓడ ఎక్కించడానికి వచ్చినవాళ్లు పాటలు పాడతారు, కళ్లు తుడుచుకుంటారు. అసలు పరీక్ష మొదటి ఏడాది కాదు, పదో ఏడాది. అప్పటికి భాష వచ్చేసి ఉంటుంది. ఎండలూ జ్వరాలూ అలవాటై ఉంటాయి. చెప్పిందంతా విన్న జనం మాత్రం విని ఎవరిదారిన వాళ్లు పోతుంటారు. స్వదేశం నుంచి ఉత్తరం వస్తుంది... ఇంతవరకూ ఎంతమంది చేరారని! ఆ ఉత్తరానికి జవాబు రాయలేక పెట్టె సర్దుకున్నవాళ్లు కొందరైతే, రాసి మళ్లీ పనిలో పడ్డవాళ్లు కొందరు. ఆ రెండో రకం మనుషుల్లో ఏముందో తెలుసుకోవడానికి తెలుగువాళ్లు ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. నెల్లూరు, ఒంగోలు కథలు చాలు.

అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున శామ్యూల్ డే దంపతులు 1836లో విశాఖపట్నం చేరారు. 1840లో నెల్లూరుకు మారారు. ఆరేళ్లకే ఆరోగ్యం పాడై డే అమెరికా వెళ్లిపోవాల్సి వచ్చింది. కాస్త కోలుకోగానే లైమన్ జువెట్ అనే యువకుణ్ని వెంటబెట్టుకుని 1849లో తిరిగొచ్చారు. 1853లో మళ్లీ జబ్బు. ఈసారి వెళ్లినవారు ఇక రాలేదు. అన్నేళ్ల శ్రమకు చూపించడానికి మిగిలింది, వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది.

బర్మాలో అదే సంఘం పంపినవాళ్లకు వేలమంది దొరుకుతుంటే నెల్లూరుకు డబ్బు తగలేయడం దేనికి? 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన సమావేశంలో ఇదే చర్చ. పటంలో తెలుగునాట వాళ్ల మిషన్‌కు గుర్తుగా ఉన్నది ఒకే ఒక్క నక్షత్రం. దాన్ని చెరిపేద్దామన్నారు కొందరు. మూసేయమని జువెట్‌కు ఉత్తరం ఎవరు రాస్తారన్న ప్రశ్న దగ్గర మాట ఆగింది. అప్పటి నుంచి ఆ మిషన్‌కు 'ఒంటరి నక్షత్రం' అన్న పేరు నిలిచిపోయింది.

ఆ మరుసటి ఏడాది మొదటి రోజు, 1854 జనవరి 1న, తెల్లవారకముందే ఒంగోలులో ఓ కొండ ఎక్కినవాళ్లు అయిదుగురు. జువెట్ దంపతులు, నర్సు అనే తెలుగు బోధకుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు ఆడవాళ్లు. కిందనున్న ఊరిని చూస్తూ, ఇక్కడికి ఒక మిషనరీని పంపమని వంతులవారీగా ప్రార్థించారు. పంపడానికి పన్నెండేళ్లు పట్టింది! మన పిల్లలు బస్సు అరగంట ఆలస్యమైతే ఊరుకోరు.

ఈలోగా 1862లో జువెట్ అమెరికా వెళ్తే అక్కడ మళ్లీ పాత పాటే, మూసేద్దామని. ఎవరూ తోడు రాకపోయినా తానొక్కడే వెళ్లి, తెలుగువాళ్ల మధ్యే బతికి అక్కడే పోతానన్నారాయన. అయితే మిమ్మల్ని పాతిపెట్టడానికైనా ఇంకొకరిని పంపాలి కదా అని మిషన్ కార్యదర్శి అన్నారని చెబుతారు. దీన్ని మొండితనం అనేయొచ్చు. కానీ మొండివాడికి తన మాట నెగ్గాలన్న పట్టుదల ఉంటుంది. జువెట్‌కు నెగ్గాలని లేదు, ఆ మనుషుల దగ్గర ఉండాలని ఉంది. రెంటికీ చాలా తేడా.

అలా ఆయన వెంట వచ్చినవారే జాన్ క్లౌ. 1866లో ఒంగోలులో కాపురం పెట్టారు. భూములు కొలిచే సర్వేయర్‌గా పనిచేసిన మనిషి, చురుకైనవారు. ఆయనకు మొదట్లోనే పెద్ద చిక్కు వచ్చింది. పైకులాల పిల్లలు బడికి వస్తున్నారు, వాళ్ల పెద్దలు మర్యాదగా మాట్లాడుతున్నారు. మరోపక్క తలకొండపాడు నుంచి యర్రగుంట్ల పేరయ్య, తోలు పని చేసుకునే మాదిగ కులస్థుడు, తనవాళ్లను వెంటబెట్టుకుని వస్తున్నారు. వాళ్లను చేర్చుకుంటే మేం రామన్నారు ఊరి పెద్దలు. ఆ రోజు క్లౌ ఒక గదిలో, ఆయన భార్య మరో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం కనబడిందట. లోకం చిన్నచూపు చూసేవాళ్లనే దేవుడు ఎంచుకున్నాడన్న పౌలు మాటలవి. దాన్ని యాదృచ్ఛికం అనుకున్నా, దేవుడి జవాబు అనుకున్నా, ఫలితం మాత్రం ఒక్కటే. బడి ఖాళీ అయింది. పేరయ్య మనుషులు ఉండిపోయారు.

తర్వాత వచ్చింది ధాత కరవు. 1876 నుంచి 78 దాకా తెలుగు పల్లెల్లో గింజ లేదు. ప్రభుత్వం పని కల్పించడానికి బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే క్లౌ మూడున్నర మైళ్ల ముక్కను కాంట్రాక్టు తీసుకున్నారు. సర్వేయర్ చదువు అక్కరకొచ్చింది. తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టారు, కూలి డబ్బుల్లో ఎవరూ నొక్కేయకుండా. పగలంతా తవ్వకం, పొద్దుపోయాక యేసు కథలు. వేలమంది వచ్చారు. వాళ్లలో చాలామంది బాప్తిస్మం ఇమ్మన్నారు.

క్లౌ ఇవ్వనన్నారు!

అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని సుమారు పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. ముప్ఫై ఏళ్లు ఎదురుచూసిన పంట గుమ్మంలోకి వస్తే తలుపు మూయడం ఎంత కష్టమో ఆలోచించండి. లెక్కలు అడిగే బోర్డు ఉంది, వెక్కిరించేవాళ్లు ఉన్నారు. అయినా ఆగారు. మిషనరీకి ఉండాల్సిన గుణాల్లో ఓర్పు గురించి అందరూ చెబుతారు. చేతికందింది తీసుకోకుండా ఉండగలిగే ఈ నిగ్రహం గురించి చెప్పేవాళ్లు తక్కువ.

సాయం ఇక లేదని తెలిశాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ ఏడాది చివరికి ఆ సంఖ్య 9,606. ఆ రోజున నీళ్లలో దిగింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని. క్లౌ ఒక్కరికి కూడా తన చేత్తో ఇవ్వలేదు. నెల్లూరులో మొదలుపెట్టిన డే ఇదేమీ చూడలేదు. అప్పటికి ఏడేళ్ల ముందే, 1871లో, పోయారు.

తెల్లదొరల కథలుగానే ఇవి మిగిలిపోతాయేమో అనుకుంటే, దోర్నకల్ కథ ఉంది. 1909లో అక్కడికి వచ్చిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య తమిళుడు, తిరునెల్వేలి ప్రాంతంవారు. పొరుగు రాష్ట్రమే అయినా ఆయనకూ భాష పరాయిదే. ముప్ఫయ్యో పడి దాటాక తెలుగు అక్షరాలు దిద్దారు. 1910లో ఎడిన్‌బరో సభలో పాశ్చాత్య మిషనరీల ముఖం మీదే ఒక మాట చెప్పారు. మీరు డబ్బిచ్చారు, ప్రాణాలే ఇచ్చారు, మాకు కావాల్సింది స్నేహితులు అని. సభలో కొందరికి అది నచ్చలేదు. రెండేళ్లకు ఆయనే దోర్నకల్ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. ఎదుటివాళ్లను అడిగిన స్నేహాన్ని తాను పల్లెల్లో చూపించడానికి భార్య అన్బు మరియమ్మాళ్‌తో కలిసి ఎడ్లబండి మీద ఊరూరూ తిరిగారు. ఆయన కట్టించిన దోర్నకల్ దేవాలయంలో మన కళాశైలే కనిపిస్తుంది.

1945 జనవరి 1న అజరయ్య కన్నుమూసింది దోర్నకల్‌లోనే.