కవాతు శాలలో కొత్త నాట్యాలు



లండను అనగానే మీకు థేమ్సు నది, పెద్ద గడియారపు బురుజు, రాజభవనం గుర్తుకు వస్తాయి. ఈ నెల మనం వాటిని పక్కన పెట్టి, యాత్రికులు అంతగా వెళ్ళని ఒక చిన్న వీధికి పోదాం. దాని పేరు డ్యూక్స్ రోడ్డు. యూస్టన్ రైలు స్టేషనులో దిగి, పెద్ద రోడ్డు దాటి కొంచెం నడిస్తే చాలు.

వీధి మొదట్లోనే సెయింట్ పాంక్రాస్ చర్చి కనిపిస్తుంది. అది 1822 నాటిది. పాత గ్రీకు దేవాలయాల నమూనాలో కట్టారు. దాని పక్క భాగంలో నలుగురు స్త్రీమూర్తులు పైకప్పును తలమీద మోస్తూ నిలబడి ఉంటారు. చూస్తే రాతిబొమ్మలనే అనుకుంటారు. కాని అవి ఇనుప స్తంభాల చుట్టూ కాల్చిన మట్టి ముక్కలను పేర్చి చేసినవి. బొమ్మల ఎత్తు ఎక్కువై, కప్పు కింద ఇమడక, నడుము దగ్గర కొంత ముక్క తీసివేశారని ఒక కథ చెబుతారు! పాపం, ఆ స్త్రీమూర్తులు రెండు వందల ఏళ్ళుగా కదలకుండా నిలబడే ఉన్నారు. మనం చూడబోయే మనుషుల సంగతి వేరు. వాళ్ళకు కదలికే భాష.

అదే వీధిలో ఎర్ర ఇటుకల భవనం ఒకటి ఉన్నది. తలుపు పైన ఇద్దరి ముఖాలు చెక్కి ఉంటాయి. ఒకరు యుద్ధదేవుడు మార్సు, మరొకరు విద్యాకళల దేవత మినర్వా. ఈ ఇద్దరూ ఒక్కచోటికి ఎలా వచ్చారు? 1860 ప్రాంతంలో లండనులోని చిత్రకారులు, శిల్పులు, నటులు, గాయకులు కలిసి ఒక స్వచ్ఛంద సైనికదళంగా ఏర్పడ్డారు. దానికి ఆర్టిస్ట్స్ రైఫిల్స్ అని పేరు. వారి కవాతు కోసం ఈ భవనాన్ని 1889లో తెరిచారు. మొదటి ప్రపంచయుద్ధాన్ని గురించి కవితలు రాసి, ఆ యుద్ధంలోనే 1918లో మరణించిన విల్‌ఫ్రెడ్ ఓవెన్ కూడా ఈ దళంలో చేరినవాడే.

కవాతు శాలకు మధ్యలో స్తంభాలు అడ్డురాని విశాలమైన నేల కావాలి. నాట్యానికి కావలసినదీ అదే. ఇప్పుడు ఈ భవనంలో ఒక నాట్య పాఠశాల, ఒక చిన్న రంగశాల ఉన్నాయి. దీని పేరు ‘ది ప్లేస్’, అంటే ‘చోటు’. ఈ చోటు ఎవరి పుణ్యమో తెలుసుకుంటే మీరు ఆశ్చర్యపోతారు.

ఆయన పేరు రాబిన్ హోవర్డ్. 1924లో పుట్టాడు. రెండవ ప్రపంచయుద్ధంలో సైనికుడుగా పోరాడి రెండు కాళ్ళూ పోగొట్టుకున్నాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళు దాటాయో లేదో! తరువాత హోటళ్ళు నడిపాడు. 1954లో అమెరికానుంచి మార్తా గ్రాహమ్ అనే నర్తకి తన బృందంతో లండను వచ్చింది. ఆమె నాట్యం పాత బాలే వంటిది కాదు. ఊపిరి వదిలినప్పుడు నడుము ముడుచుకోవడం, పీల్చినప్పుడు విచ్చుకోవడం దానికి మూలం. ప్రేక్షకులు పలచగానే వచ్చారు. వచ్చినవారిలో హోవర్డ్ ఒకడు. ఆ నాట్యం ఆయన మనసును పట్టేసింది.

ఆయన ఊరికే మెచ్చుకుని ఊరుకోలేదు. 1963లో తన ఖర్చుమీద గ్రాహమ్ బృందాన్ని మళ్ళీ బ్రిటనుకు రప్పించాడు. 1966లో పాఠశాల పెట్టాడు. 1967లో నాట్యబృందం ప్రారంభించాడు. గ్రాహమ్ దగ్గర నాట్యం చేసిన రాబర్ట్ కోహన్ అనే ఆయనను అమెరికానుంచి పిలిపించి ఆ బృందాన్ని అప్పగించాడు. 1969లో ఈ కవాతు శాలను సంపాదించాడు. ఇందుకోసం తాను సేకరించుకున్న అరుదైన పుస్తకాలను కూడా అమ్మివేశాడు. తాను ఎన్నటికీ వేయలేని అడుగులను ఇతరులు వేయడానికి ఒక నేలను ఇచ్చాడు!

హోవర్డ్ 1989లో కన్నుమూశాడు. ఆ మరుసటి సంవత్సరం, 1990లో, ఇక్కడ ఒక కొత్త ఏర్పాటు మొదలైంది. దాని పేరు ‘రిజల్యూషన్’, అంటే ‘సంకల్పం’. ఇప్పుడే పని మొదలుపెట్టిన నాట్యబృందాలకు ఇది వేదిక. ఒక సాయంకాలం మూడు బృందాలు. ఒక్కొక్కరిదీ అరగంటకు మించని చిన్న నాట్యం. మధ్యలో విరామం.

ఇక లోపలికి వెళదాం. మూడు వందలమంది లోపే పట్టే రంగశాల. ముందు నేలను చూడండి. మనిషి ఎగిరి దూకినప్పుడు, తన బరువుకు కొన్ని రెట్లు బలం కాళ్ళమీద పడుతుంది. గచ్చునేల అయితే ఆ దెబ్బంతా మోకాళ్ళకూ, చీలమండలకూ తగులుతుంది. అందుకని చెక్కనేల కింద మెత్తని దిమ్మెలు అమర్చి, అది కొంచెం కుంగి లేచేటట్టు చేస్తారు. దీపాలను గమనించండి. అవి ఎదురుగానే కాక, రెండు పక్కలా నిలువు కంబాలకు కూడా ఉంటాయి. వెలుగు పక్కనుంచి పడితేనే చెయ్యి, భుజం, వీపు గుండ్రంగా, స్పష్టంగా కనబడతాయి. అద్దం ముందు దీపం పెట్టి మీరే చూడండి: ఎదురుగా పెడితే ముఖం బల్లపరుపుగా ఉంటుంది, పక్కన పెడితే ముక్కు పైకి లేస్తుంది.

నాట్యం మొదలవుతుంది. ఒకదానిలో ఒకే ఒక అమ్మాయి ఉండవచ్చు. ఇంకొకదానిలో అయిదుగురు నర్తకులు మాటలు కూడా పలకవచ్చు. మరొకదానిలో సంగీతమే లేక, అడుగుల చప్పుడే తాళం కావచ్చు. “ఇందులో కథ ఏమిటి? రాముడెవరు, రావణుడెవరు?” అని మీరు అడుగుతారు. మన కూచిపూడి భాగవతుల ఆటలో పాత్ర వచ్చి తానెవరో చెప్పుకుంటుంది. ఇక్కడ ఎవరూ చెప్పరు. అందుచేత వేరొక విధంగా చూడాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. జర్మనీలో పీనా బౌష్ అనే ఆమె 1978లో ‘కఫే ముల్లర్’ అనే నాట్యం కూర్చింది. వేదిక నిండా కుర్చీలు. నర్తకి కళ్ళు మూసుకుని అటూ ఇటూ పోతూ ఉంటుంది. మరొక మనిషి ఆమెకు తగలకుండా కుర్చీలను గబగబా లాగివేస్తూ ఉంటాడు. అంతే! పేర్లు లేవు, కథ లేదు. అయినా, తొలి అడుగులు వేసే పాప వెనుక పరుగెత్తే తల్లిని చూసినవారెవరికైనా అది అర్థమవుతుంది. కాబట్టి కథ కోసం వెతక్కండి. ఎవరు ఎవరిని మోస్తున్నారు, ఎవరు తప్పించుకుంటున్నారు, ఎవరు ఒంటరిగా మిగిలారు అని చూడండి.

మూడూ బాగుంటాయా? ఉండవు. ఒకటి నచ్చుతుంది, ఒకటి అర్థం కాదు, ఒకటి విసుగు పుట్టిస్తుంది. కొత్తవారికి చోటు ఇవ్వడమంటే, చూసేవారు ఆ విసుగును కొంచెం భరించడమే. పదును పెట్టకుండా కత్తి తెగదు. ప్రేక్షకుల ముందు నిలబడకుండా నాట్యం తేలదు. నాట్యం చేసేవారికే కాదు, రాసేవారికీ ఇది బడి. ఒకే సాయంకాలాన్ని గురించి పేరుపొందిన విమర్శకుడు ఒకరు, కొత్తగా కలం పట్టినవారు ఒకరు విడివిడిగా రాసే పద్ధతి కూడా ఇక్కడ పెట్టారు.

ఇంకొక విశేషం వినండి. హోవర్డ్ స్థాపించిన పెద్ద నాట్యబృందం దేశదేశాల పేరు తెచ్చుకుని కూడా 1994లో మూతపడింది. పాఠశాల నిలిచింది. కొత్తవారి సాయంకాలాలు ముప్పై ఏళ్ళు దాటి సాగాయి. పెద్ద చెట్టు పడిపోయినా నారుమడి మిగిలిందన్నమాట.

మీ బడి వార్షికోత్సవంలో ప్రతి ఏడూ బాగా ఆడేవారికే వేదిక దొరుకుతుంది కదూ? ఈసారి మీ మేష్టారిని అడిగి చూడండి. ఎన్నడూ వేదిక ఎక్కని పిల్లలను మూడు జట్లు చేసి, జట్టుకు పది నిమిషాలు ఇప్పించండి. సినిమా పాటలు వద్దు, సొంతంగా కూర్చుకోవాలి. తల్లిదండ్రులు ముందు వరసలో కూర్చుని, చివరిదాకా లేవకుండా చూడాలి. మీ బడికి కావలసిన ‘చోటు’ అదే.