బావి దగ్గర బ్రేక్ డాన్స్

లండన్‌లో ఏంజెల్ ట్యూబ్ స్టేషన్ దిగి రోజ్‌బరీ అవెన్యూ పట్టుకుంటే శాడ్లర్స్ వెల్స్ థియేటర్ వస్తుంది. మామూలు రోజుల్లో బ్యాలే చూడవచ్చినవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకునే చోటు. మే మొదట్లో, సోమవారం సెలవు కలిసొచ్చే వారాంతంలో మాత్రం తలుపు తీయగానే డీజే మోత గుండెకు తగులుతుంది. లాబీలో జనం గుండ్రంగా నిలబడ్డారు. మధ్యలో పదేళ్ల పిల్ల తలకిందులుగా తిరుగుతోంది. తను లేవగానే నడివయసు మనిషి ఒకడు దిగాడు. ఈ వలయాన్ని సైఫర్ అంటారు. దిగడానికి ఎవర్నీ అడగక్కర్లేదు, ముందువాడు ముగించేదాకా ఆగితే చాలు.

ఇది బ్రేకిన్ కన్వెన్షన్, హిప్ హాప్ నృత్య నాటకాల పండగ. 2004లో మొదలుపెట్టినాయన జాంజీ డి. తూర్పు లండన్ మనిషి, కుటుంబం మూలాలు కరీబియన్ దీవి గ్రెనడాలో ఉన్నాయి. వీధిలో ర్యాప్, బ్రేకింగ్ ఒంటబట్టించుకుని, ఆపైన లండన్ కాంటెంపరరీ డాన్స్ స్కూల్‌లో చదివాడు. 1995లోనే ‘లిరికల్ ఫియర్టా’లో కవిత్వాన్నీ నృత్యాన్నీ ఒకచోట కలిపాడు. ‘మీ దేశానికి పో’ అనిపించుకున్నవాడు తన దేశమేదో వెతుక్కుంటూ తిరగడం ఆయన ‘ఏరోప్లేన్ మ్యాన్’ కథ. బ్రిటిష్ ప్రభుత్వం ఎంబీఈ బిరుదు ఇస్తామంటే వద్దన్నాడు. ఆ పిలుపు ఉత్తరం మీద కూడా ‘ది లెటర్’ అని ఒక ప్రదర్శన కట్టాడు!

మన దగ్గర బ్రేక్ డాన్స్ అనగానే 1987లో ‘పసివాడి ప్రాణం’లో చిరంజీవి గుర్తొస్తాడు. మనకది పాటలో మెరిసే విన్యాసం. న్యూయార్క్ బ్రాంక్స్ వీధుల్లో పుట్టినవాళ్లకది పోటీ, ఎవడు ఎవణ్ని ఓడించాడన్నదే లెక్క. జాంజీ డి పట్టుబట్టింది మూడోదాని కోసం: అదే ఒళ్లు కథ చెప్పాలి. ఆ పట్టుదలకు ఫలితం కనిపించింది. కెన్రిక్ శాండీ, మైకేల్ అసాంటేలు 2001లో పెట్టిన బాయ్ బ్లూ బృందం ఈ వేదిక మీద ఆడింది, తన ‘పైడ్ పైపర్’ ప్రదర్శనకి 2007లో ఒలివియర్ అవార్డు కొట్టింది. 2013లో పండగ న్యూయార్క్ హార్లెమ్‌లోని అపోలో థియేటర్ దాకా వెళ్లింది.

అయితే నేను చూసినవన్నీ గొప్పవి కావు. కొన్నిటిలో పొగ, నీలిరంగు లైటు, దిగులు పియానో, నెమ్మదిగా నడక. కాంటెంపరరీ నృత్యం దగ్గర అరువు తెచ్చుకున్న ఈ విషాదం హిప్ హాప్‌కి అతకలేదు. అలాంటి రెండు ప్రదర్శనల కంటే లాబీలో ఆ పిల్ల ఆడిన అరనిమిషం నయం. జాంజీ డి మైకు పట్టుకుని జనంచేత కేకలు పెట్టిస్తుంటే మాత్రం హాలు మళ్లీ లేచి కూర్చునేది.

బ్యాలే గుడిలో ఈ గోలేమిటని ముఖం చిట్లించేవాళ్లకు ఈ స్థలపురాణం తెలియదు. 1683లో రిచర్డ్ శాడ్లర్ అనే ఆయన ఇక్కడ బావి బయటపడితే, ఆ నీళ్లు రోగాలు పోగొడతాయని చెప్పి, సంగీతం జోడించి జనాన్ని రప్పించాడు. 1804లో వేదిక మీద పెద్ద నీళ్ల తొట్టి కట్టి నౌకా యుద్ధాలు ఆడించారు. గ్రిమాల్డీ అనే విదూషకుడు ఇక్కడే జనాన్ని నవ్వించాడు. బ్యాలే బృందం ఇక్కడ స్థిరపడింది 1931లో. అంటే తర్వాత వచ్చిన చుట్టం బ్యాలేనే.

మర్నాడు తూర్పు లండన్‌లోని స్ట్రాట్‌ఫర్డ్ వెళ్లాను. ఒలింపిక్ పార్కులో 2025లో తెరిచిన శాడ్లర్స్ వెల్స్ ఈస్ట్ భవనంలోనే ఈ పండగవాళ్ల అకాడమీ ఉంది. 16 నుంచి 19 ఏళ్లవాళ్లకు హిప్ హాప్ థియేటర్‌లో చదువు, ఫీజు లేదు. వారాంతపు పండగ కంటే ఇది పెద్ద విజయమని నా లెక్క.

మే మొదట్లో లండన్‌లో ఉంటే టికెట్ ముందే కొనుక్కోండి. ఆట మొదలవడానికి రెండు గంటల ముందే లాబీకి చేరండి.