రెండు కర్రల వెన్న

“బ్రౌన్ షుగరా? అది పోలీసులు పట్టుకునే సరుకు కదే!” అన్నారు నాన్న, చదువుతున్న పేపరు దించి.

ఆయన తప్పేం లేదు. ఆ రోజుల్లో పేపర్లో ఆ మాట కనబడిందంటే, కింద ఫొటోలో ఎవడో ఒకడు తలొంచుకుని పోలీసుల మధ్య నిలబడి ఉండేవాడు. ముప్పావు కప్పు బ్రౌన్ షుగర్, గట్టిగా అదిమి కొలవాలి అని అక్క రాసిన ఉత్తరం నా చేతిలో ఉంది. అది మాదకద్రవ్యం కాదు, బెల్లం లాంటిదేదో అని నాన్నకి నచ్చజెప్పాను. నాకూ అంతకుమించి తెలీదు. తెలిసినట్టు మాట్లాడటం మాత్రం బాగా వచ్చు.

2000 సంవత్సరం. విజయవాడ సత్యనారాయణపురంలో ఉండేవాళ్ళం. నేను బీఎస్సీ రెండో ఏడు. బావ వైటూకే హడావుడిలో న్యూజెర్సీ వెళ్ళాడు, పెళ్ళయ్యాక అక్క వెనకాల వెళ్ళింది. తనది హెచ్-4 వీసా. అప్పట్లో దాని మీద మొగుడితో ఉండొచ్చు, ఉద్యోగం చెయ్యకూడదు. ఎమ్మెస్సీలో ఫస్టు క్లాసు తెచ్చుకున్న మనిషి. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకున్నట్టు గుర్తులేదు. అక్క అమెరికాలో ఉంది, అంతే. వీధిలో అందరికీ అదే చెప్పేవాళ్ళం.

ఐఎస్‌డీ బూత్ నుంచి ఫోన్ చేస్తే మూడు నిమిషాలు, అదీ అరుపులతో. అందుకని ఉత్తరాలే. పోస్టుమాన్ కవరు ఇవ్వగానే అమ్మ దాన్ని వెంటనే చింపేది కాదు. అరచేతిలో పెట్టుకుని ఒకసారి పైకీ కిందికీ ఆడించేది. “బరువుగానే ఉంది” అంటే ఆ పూట అమ్మ మనసు బాగున్నట్టు.

ఆ ఉత్తరం బరువుగానే ఉంది. రెండు కాగితాలు. మొదటిది మామూలే: చలి, మంచు, బావ ఆఫీసు, అందరూ కులాసా. రెండో కాగితం పైనుంచి కిందిదాకా ఇంగ్లీషులో చాక్లెట్ చిప్ కుకీలు చేసే విధానం. నల్ల సిరాతో రాసిందని నాకు గుర్తు. కాదు నీలమని అక్క అంటుంది. ఆ కాగితం ఎటు పోయిందో తెలీదు కాబట్టి ఎవరు ఒప్పో తేలదు.

అమ్మకి తెలుగులో చదివి వినిపించే పని నాది. “రెండుంపావు కప్పుల ఆల్ పర్పస్ ఫ్లోర్. అంటే అన్నిటికీ పనికొచ్చే పిండి.”

“అన్నిటికీ పనికొచ్చేది బియ్యప్పిండేగా” అంది అమ్మ. “జంతికలకీ అదే, ముగ్గుకీ అదే.”

నేను నవ్విన నవ్వు మంచి నవ్వు కాదు. “నీకు తెలీదులే అమ్మా” అన్నాను. ఆ ఏడాదంతా అమ్మతో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

మా ఊళ్ళో బిస్కట్లంటే ఇంట్లో చేసుకునేవి కావు. మైదా, పంచదార, డాల్డా పట్టుకెళ్ళి బేకరీలో ఇస్తే చేసి డబ్బాలో నింపి ఇచ్చేవారు, కూలి పుచ్చుకుని. “ఆ కాగితమేదో బేకరీ అతనికే ఇవ్వరాదూ” అంది అమ్మ. ఇవ్వలేదు. అమెరికా వంటని బెజవాడ బేకరీ కుర్రాడి చేతిలో పెడతానా?

పక్కవాటాలో టీచరుగారు ఉండేవారు. క్రిస్మస్‌కి కేకు చేసేవారు. ఆవిడ దగ్గర అల్యూమినియం గుండ్రటి ఓవెన్ ఉంది, మూత మధ్యలో గాజు కన్నుతో. అడగ్గానే ఇచ్చారు. కోడిగుడ్డు మా వంటింటి గడప దాటదు కాబట్టి వ్యవహారమంతా వెనక వరండాలో పెట్టాం. నాన్న రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. ఊరూరా తిరిగినప్పుడు ఆమ్లెట్‌కి అలవాటు పడ్డారని మా అందరికీ తెలుసు, అమ్మకి తెలీనట్టు అమ్మ ఉండేది.

ఓవెన్‌ని 375 డిగ్రీల దాకా ముందుగా వేడిచెయ్యాలి అని ఉంది. ఫారెన్‌హీట్ అని కనిపెట్టి ఎంత గర్వపడ్డానో. ముప్పైరెండు తీసేసి, అయిదుతో హెచ్చవేసి, తొమ్మిదితో భాగించి, 190 సెల్సియస్ అని కాగితం మీద గీత గీసి మరీ తేల్చాను. తీరా చూస్తే ఆ ఓవెన్‌కి డిగ్రీలు తిప్పే బిళ్ళే లేదు. ప్లగ్గు పెడితే కాలుతుంది, తీస్తే ఆరుతుంది. టీచరుగారు వచ్చి పళ్ళెం మీద చిటికెడు మైదా చల్లి, అది ఎంతసేపట్లో ఎర్రబడుతుందో చూసి, “ఊఁ, ఇంక పెట్టెయ్యి” అన్నారు. నా 190 కాగితం మీదే మిగిలిపోయింది.

అసలు ముంచింది వెన్న. “రెండు స్టిక్స్ వెన్న, గది ఉష్ణోగ్రతకి మెత్తబడినది.” స్టిక్కంటే కర్ర. వెన్న కర్రలేమిటి? నేను ఆలోచించిన తీరు ఇదీ: కొట్లో దొరికే పెద్ద ప్యాకెట్ అరకిలో దిమ్మ. దాన్ని నిలువునా మధ్యకి కోస్తే రెండు కర్రలు. లెక్క సరిపోయింది! గది ఉష్ణోగ్రత సంగతి సరేసరి. మే నెల బెజవాడ గదిలో వెన్న మెత్తబడటమేమిటి, కాగితం విప్పేలోపు గట్టు మీద కాలవ కట్టింది.

కప్పు కోసం మేం టీ తాగే పింగాణీ కప్పు తీశాను. అమ్మ వరండా గుమ్మంలో నిలబడి చూస్తోంది. లోపలికెళ్ళి ఇత్తడి సోల తెచ్చింది. “దీంతో కొలవ్వే. ఆ కప్పులో పిండేం పడుతుంది?”

“అమ్మా, అది అమెరికా కప్పు. సోలలూ గిద్దలూ కాదు.”

అమ్మ ఇంకేం అనలేదు. సోల తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

ఇక్కడే చెప్పేస్తాను. అమ్మ పోయాక ఇత్తడి సామాను పంచుకున్నప్పుడు ఆ సోల నా వంతుకొచ్చింది. మానికలో నాలుగోవంతు కొలత. ఒకరోజు పనేమీ లేక దాన్నిండా నీళ్ళు పోసి, మా అబ్బాయి కొన్న గీతల గ్లాసులోకి వంపాను. 240 మిల్లీలీటర్ల గీత మీద కాస్త తొణికింది. అమెరికా వాళ్ళ కప్పు అంతే. నా పింగాణీ కప్పు అందులో సగం కంటే కొంచెం ఎక్కువ.

అంటే ఆ రోజు పడాల్సిన పిండిలో మూడోవంతు పైనే తగ్గింది, వెన్న రెట్టింపు దాటింది. ఉప్పు వెన్నకి తోడు కాగితంలో ఉందని చెంచాడు ఉప్పు కూడా వేశాను. దూరదూరంగా పన్నెండు ముద్దలు పెట్టి మూత పెట్టాను. గాజు కన్నులోంచి చూస్తుంటే ముద్దలు ముందు మెరిశాయి, తర్వాత వాలాయి, తర్వాత ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకున్నాయి. అయిదు నిమిషాలకి పళ్ళెంలో ఒక్కటే బిస్కట్టు. అంచు నల్లగా, మధ్యలో చెరువు. చెరువులో నురగ.

“నెయ్యి కాస్తున్నావా?” అని లోపల్నుంచి అడిగింది అమ్మ. నిజంగానే ఆ వాసనే. మాడకముందు ఒక్క క్షణం ఇల్లంతా వెన్న కాచిన కమ్మటి వాసన వేసింది. ఇన్నేళ్ళ తర్వాత ఆ రోజులో నాకు తేటగా మిగిలింది అదొక్కటే. అప్పుడు వెక్కివెక్కి ఏడ్చానని అక్కతో నాన్న చెప్పారట. నాకు గుర్తులేదు, ఒప్పుకోను కూడా.

రెండోసారి ఆగస్టులో. ఈలోపు కొంత తెలివొచ్చింది. వెన్న ప్యాకెట్లు చిన్నవి, వంద గ్రాములవి, రెండు తెచ్చాను. అది దాదాపు సరైన లెక్కే, కానీ తెలిసి చేసింది కాదు, భయపడి చేసింది. ఈసారి బ్రౌన్ షుగర్ బదులు అనకాపల్లి బెల్లం తురిమి వేశాను. అక్కడి బ్రౌన్ షుగర్ అంటే పంచదారకే మొలాసిస్ పట్టించి చేసేదనీ, తడి ఇసకలా ఉంటుందనీ చాలా ఏళ్ళకి గానీ తెలీలేదు. ముద్ద చేతికి అంటుకుపోతుంటే మైదా చల్లాను. ఇంకా అంటుకుంటే ఇంకా చల్లాను. చాక్లెట్ చిప్పులు మా ఊళ్ళో ఎక్కడ దొరుకుతాయి? చాక్లెట్ బారు కొని కత్తిపీట మీద తరగబోతే సగం కత్తికే అంటింది. మిగతాది పిండిలో కలిసిపోయి మొత్తానికి బూడిద రంగొచ్చింది. బేకింగ్ సోడా అంటే అమ్మ బజ్జీల్లో వేసే తినే సోడాయేనని తెలీక, టౌన్లో వెతికి వెతికి బేకింగ్ పౌడర్ డబ్బా తెచ్చాను. తినే సోడా వంటింట్లో పోపులపెట్టె పక్కనే ఉంది.

ఆ రోజు తేదీ మాత్రం గుర్తుంది, ఆగస్టు 29. కరెంటు చార్జీలు పెంచారని అప్పటికి కొన్నాళ్ళుగా ఊరంతా ఊరేగింపులు. మా ఇంట్లో ఆ గొడవ మరో రూపంలో నడిచేది: ఓవెన్ పెట్టగానే నాన్న వీధి గుమ్మంలోకెళ్ళి మీటరు ముందు నిలబడేవారు. “బొంగరంలా తిరుగుతోందే” అని అక్కణ్ణుంచే కేకేసేవారు. ముందురోజు హైదరాబాదు బషీర్‌బాగ్‌లో చార్జీల మీద ఊరేగింపుగా వెళ్ళినవాళ్ళ మీద పోలీసులు కాల్పులు జరిపారు. మనుషులు పోయారు. బిస్కట్లు దించి ఆరబెట్టడానికి ఆ పొద్దుటి పేపరే పరిచాను. నాన్న వచ్చి చూశారు. ఏమీ అనకుండా బిస్కట్ల కిందనుంచి ఆ పేపరు నెమ్మదిగా లాగి, మడిచి, చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. రెండు బిస్కట్లు కింద పడ్డాయి. ‘టంగు’మన్నాయి. నాకు కోపమొచ్చింది, పాత వారపత్రిక కాగితాలు చింపి పరుచుకున్నాను. ఇరవయ్యేళ్ళ పిల్లకి ఆ మాత్రం తెలియకపోవడమేమిటని ఇప్పుడనిపిస్తుంది.

సాయంత్రం నాన్న కాఫీలో ఒకటి నానబెట్టుకుని, చాలాసేపు నానబెట్టుకుని తిన్నారు. “బాగానే ఉంది. పళ్ళు మాత్రం జాగ్రత్త” అన్నారు. అమ్మ గుడ్డు ఉందని ముట్టుకోలేదు. వాసన చూసి, “బెల్లం పాకం కొంచెం ముదిరింది” అంది. దానంత సరైన సమీక్ష ఇంకెవరూ చెయ్యలేదు.

ఆ రాత్రే అక్కకి జవాబు రాశాను. కుకీలు అద్భుతంగా వచ్చాయనీ, నాన్న ఒక్కరే ఆరు తిన్నారనీ. మూడోసారి చేశానా అంటే చేశాననే అనుకుంటున్నాను, ఏమైందో గుర్తులేదు. ఓవెన్ తిరిగి ఇచ్చేశాం.

2011లో మొదటిసారి అక్క వాళ్ళింటికి వెళ్ళాను. ఫ్రిజ్ తెరిచి చూపించింది: ఒక అట్టపెట్టెలో నాలుగు వెన్న కర్రలు, ఒక్కోటి 113 గ్రాములు, చుట్టిన కాగితం మీద చెంచా చెంచాకీ గీతలు. రెండు కలిపినా పావుకిలో లేదు. నేను గట్టుకి ఆనుకుని నవ్వాను. నవ్వుతూనే ఆ మే నెల సంగతి, ఒక్కటే బిస్కట్టు, చెరువు, నా అబద్ధపు ఉత్తరం అన్నీ చెప్పేశాను.

అక్క నవ్వలేదు. చిప్పుల ప్యాకెట్ తీసి వెనక్కి తిప్పి నా చేతిలో పెట్టింది. వెనకాల అచ్చయిన విధానం, కామాతో సహా అక్క ఉత్తరంలోదే. మసాచుసెట్స్‌లో విట్‌మన్ అనే ఊళ్ళో 1930లలో టోల్ హౌస్ అని ఒక సత్రం నడిపిన రూత్ వేక్‌ఫీల్డ్ అనే ఆవిడ తయారుచేసిందట అది. అమెరికాలో ప్రతి ఇంట్లోనూ ఉండేదేనట.

“నువ్వు చేసి చూసి రాశావనుకున్నాను.”

“ఎక్కడ! ఆ ఉత్తరం రాసేనాటికి ఓవెన్ వెలిగించనైనా లేదు. అందులో మూకుళ్ళు దాచుకునేదాన్ని. నువ్వు అద్భుతంగా వచ్చాయని రాశాకే ధైర్యం చేశా. పొగకి అలారం మోగితే మీ బావ కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసిరాడు.”

“మరెందుకు పంపావే?”

అక్క పిండి ముద్దలు పళ్ళెంలో పెడుతోంది, దూరదూరంగా. పెట్టడం ఆపలేదు.

“ఒక కాగితం అయ్యేసరికి ఇంక రాయడానికేం లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కదాన్నే. బాగున్నాను అని ఎన్నిసార్లు రాస్తాం? ఒక్క కాగితమే పంపితే అమ్మ కవరు పట్టుకోగానే కనిపెట్టేస్తుంది.”

పళ్ళెం లోపల పెట్టి తలుపు వేసింది. తొమ్మిది నిమిషాలకి గంట పెట్టింది. ఇద్దరం ఆ అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాం. ముద్దలు మెరిశాయి, కొంచెం వాలాయి, ఆగాయి.