వేరావల్‌లో సిక్కోలు యాస

వేరావల్ స్టేషన్‌లో దిగినవాళ్ళు నేరుగా సోమనాథుడి దగ్గరికి పోతారు. నేను రేవుకు పొమ్మంటే ఆటో అతను వెనక్కి తిరిగి నా వాలకం ఓసారి చూసుకున్నాడు. దారి పక్కన కట్టుబడిలో ఉన్న చెక్క బోట్లు మేడలంత ఎత్తున్నాయి. అవి దాటితే నీళ్ళే కనబడనంతగా బోట్లు, ఎండుతున్న సావళ్ళ వాసన.

ఆ రద్దీలో "ఏటి బాబూ, మన కాడి నుంచేనా?" అన్న మాట వినబడింది. శ్రీకాకుళం, విజయనగరం తీరాల కలాసీలు ఏటా ఇక్కడి బోట్లెక్కుతారు. 2018లో పాకిస్తాన్‌కు చిక్కి జైలు పాలై, 'తండేల్' సినిమాకు కథ అయినవాళ్ళూ ఇలా వచ్చినవాళ్ళే. నేను మాత్రం తిమింగల సొర సంగతి అడిగాను.

చేపలన్నిటిలోకీ పెద్దదది. తినేది నలుసంత రొయ్య పిల్లల్ని, చేప గుడ్లని. ఆ మేత ఎక్కడ చిక్కబడితే అక్కడ చిన్న చేపలు, వాటి కోసం పెద్ద చేపలు, వాటన్నిటి కోసం బోట్లు. సొర వచ్చి వలలో పడటం పొరపాటేమీ కాదు. రెండు పక్షాలూ ఒకే పంట మీద బతుకుతున్నాయి.

1990లలో ఇక్కడ దీన్ని పనిగట్టుకుని వేటాడేవారు. గాలానికి ఖాళీ పీపాలు కట్టి, అది మునగలేక సొమ్మసిల్లేదాకా వెంట తిరిగేవారు. కాలేయం నూనె చెక్క బోట్లకు పూత, మాంసం ఎగుమతికి. మైక్ పాండే తన డాక్యుమెంటరీలో ఆ నరుకుడంతా చూపించాక, 2001లో దీన్ని వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. కానీ నడిసముద్రంలో చట్టాన్ని ఎవరు చూడొచ్చారు? అక్కడ పనిచేసింది రామకథలు చెప్పే మొరారి బాపు మాట. 2004లో మొదలైన ప్రచారంలో ఆయన ఈ సొరను పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్ల అన్నారు. వల కోసి వదిలి, ఫొటో చూపిస్తే పరిహారం ఇచ్చే ఏర్పాటూ వచ్చింది. అలా వందల సొరలు బయటపడ్డాయి.

"తోక కాడికి ఎల్లకూడదు," అని ఒక కలాసీ గాలిలోనే కత్తి ఆడించి చూపాడు. "తల పక్కనుంచి కోసుకుంటా రావాల. డబ్బులు బోటు సేటుకొస్తాయి. వొల కుట్టుకునీది మావే."

సొరల్లో ఈ ఒక్కదానికే కాలం కలిసొచ్చింది. మిగతావాటి సంగతి వేరు. బహిరంగ సముద్రాల్లో సొరలు తిరిగే చోట్లలో నెలకు సగటున 24 శాతం లాంగ్‌లైన్ (పొడవాటి గాలాల తాడు) బోట్ల వేట కింద ఉందని 2019లో 'నేచర్' పత్రిక ప్రచురించిన పరిశోధన లెక్కగట్టింది. సంఖ్య చదివినప్పుడు అంతగా తట్టదు. అది గాలాల బోట్ల లెక్కే అయినా, సొరల మీద ఒత్తిడి రేవులో ట్రాలరు దింపిన ట్రేలోకి తొంగి చూస్తే తెలుస్తుంది. మూరెడు కూడా లేని సొర పిల్లలు, సుత్తి తల పూర్తిగా విచ్చుకోనివి కొన్ని, చందువాల పక్కన కుక్కేసి ఉన్నాయి. చర్మం ఇంకా గరగరలాడుతోంది.

"మా ఊళ్ళో పాల సొరని బాలింతలకి పులుసెట్టి ఎడతారు," అన్నాడా కలాసీ, ఒకదాన్ని తోకతో ఎత్తి చూపిస్తూ. వీటిని వదిలేయరా అంటే నవ్వాడు. "పెద్దదైతే వొలలో బతికుంటాది, ఒగ్గేస్తాం. ఇయ్యి పైకి లాగీసరికే సచ్చిపోతాయి. సచ్చినదాన్ని ఒగ్గీసి ఏటి సేస్తాం?"

సేటు గుమాస్తా వచ్చి ట్రేని పాటకు లాక్కెళ్ళాడు.