మూడు గొట్టాల తగవు

పెట్రోలు లారీకి ప్రాణం కార్బొరేటరులో ఉంటుందని అందరూ అంటారు. దాని చుట్టూ ఉండే రబ్బరు గొట్టాలను మాత్రం ఎవరూ లెక్కచెయ్యరు. మా ఆఫీసు పాత డాడ్జ్ లారీ ఇనుప కొట్టు గుమ్మందాకా పోయినది ఆ గొట్టాల మూలాననే గనుక, వాటి సంగతి నాలుగు మాటలు వ్రాయదలచినాము.

మేము బెంగుళూరు కళాసిపాళ్యంలో ఒక రవాణా ఆఫీసులో గుమాస్తాగా ఉన్నాము. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వారు 1940ల చివరనుండి డాడ్జ్ బండ్లు తయారుచేసేవారు. అటువంటిదొకటి కాలధర్మం చెందిన మా పెద్ద యజమానిగారు పాతబండిగా కొన్నారు. వ్యాపారం దానితోనే మొదలు. ఇప్పుడది సరుకు మొయ్యదు. ఆయుధపూజనాడు అరటిపిలకలు కట్టుకుని, మా అందరి పిల్లలనూ ఎక్కించుకుని నాలుగు వీధులు తిరిగి వస్తుంది, అంతే.

2023లో దసరాకు నెల ముందు అది నిలిపినచోట బుసకొట్టడం, ఎక్కుడు వస్తే నీరసించడం మొదలుపెట్టింది. షెడ్డులో ఒక కుర్ర మెకానిక్కు సక్షన్ మీటరు తగిలించాడు. ముల్లు 12 దగ్గర వణకడం చూచి, "రింగులు పోయాయి, ఇంజను అయిపోయింది" అని తేల్చాడు. చిన్న యజమాని పాత ఇనుము వ్యాపారికి కబురంపారు. పెద్ద యజమానిగారి భార్య, మేమంతా అమ్మగారంటాము, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

అప్పుడు ఒక ముసలి మేస్త్రీగారిని వెంటబెట్టుకు వచ్చాము. డెబ్బయి దాటిన మనిషి, చూపు ఆనదు. ఇంజను ఆడుతూ ఉండగా చెవి ఒగ్గి విని, "ఇంజను మాట తరువాత. ఈ గొట్టాలు ఎవరు తగిలించారు?" అన్నారు.

కార్బొరేటరు గొంతులో బటర్‌ఫ్లై అనే రేకు తలుపు ఒకటున్నది. యాక్సిలరేటరు తొక్కనప్పుడు అది మూసుకుని ఉంటుంది. క్రింద పిస్టన్లేమో గాలికోసం పీలుస్తూనే ఉంటాయి. మూసిన సీసాకు మూతి ఆనించి పీల్చేవాడి బుగ్గలు లోపలికి పోయినట్లు, తలుపు క్రింద లాగుడు పుడుతుంది. తలుపు బార్లా తెరిస్తే ఆ లాగుడు ఇంచుమించు పోతుంది. అద్దం తుడిచే వైపరుకూ, బ్రేకు బూస్టరుకూ తలుపు క్రింది లాగుడే కావాలి. డిస్ట్రిబ్యూటరు గొట్టం సంగతి వేరు. దాని రంధ్రం మూసిన తలుపు అంచుకు రవంత పైన ఉంటుంది. తొక్కనప్పుడు దానికేమీ అందదు. కాస్త తొక్కగానే తలుపు అంచు దానిని దాటుతుంది, లాగుడు అందుతుంది, స్పార్కు ముందుకు జరుగుతుంది. పెట్రోలు ఆదా అయ్యేది అక్కడే.

ఇదంతా డీజిలు బండ్ల మధ్య పెరిగిన కుర్రవానికి ఎలా తెలుస్తుంది? పాత డీజిలు ఇంజనుకు ఆ తలుపే ఉండదు. లావు మూతికి లావు గొట్టం, సన్నమూతికి సన్నగొట్టం పెట్టుకుంటూ పోయాడు. డిస్ట్రిబ్యూటరు గొట్టం తలుపు క్రిందికి వచ్చింది. వైపరు గొట్టం క్లాంపు దగ్గర పగిలి గాలి పీలుస్తున్నది. అన్నిటికంటె ఘోరం, బ్రేకు గొట్టం తీసివేసి ఆ మూతికి ఒక బోల్టు బిగించి ఉన్నది! డ్రైవరు రెండు కాళ్ల బలంతో బ్రేకు తొక్కుతున్నాడన్నమాట.

మేస్త్రీగారు మావైపు తిరిగి, "గుమాస్తాగారూ, వైపరు లేకపోతే వాన వెలిసేదాకా చెట్టు క్రింద ఆపుకోవచ్చు. పిల్లలు నిండా కూర్చుని ఉండగా బ్రేకు పడకపోతే ఏ చెట్టు క్రింద ఆపుతారు?" అన్నారు. మా పిల్లలిద్దరూ ఏటా ఆ లారీ ముందు వరుసలోనే నిలబడతారు.

గొట్టాలకోసం జె.సి. రోడ్డు అంతా తిరిగాము. ఒక కొట్టువాడు చేపల తొట్టికి వేసే గొట్టం చవుకగా ఇస్తానన్నాడు. అది లాగుడుకు అప్పడంలా అణగిపోతుంది. దళసరి గోడ ఉన్నదే తేవలెనని మేస్త్రీగారు ముందే చెప్పారు కనుక తప్పించుకున్నాము. బూస్టరు గొట్టంలో ఒకవైపే గాలి పోనిచ్చే చిన్న వాల్వు ఒకటున్నది. ఇంజను ఆగినా ఒకటి రెండు తొక్కులకు బలం నిలిచేది దానివల్లనే. దానిని ఆయన నోటితో ఇటూ అటూ ఊది చూచారు. అన్నీ బిగించాక, ఇంజను ఆపి పెడలును నాలుగైదుసార్లు తొక్కించి, కాలు దానిమీదనే ఉంచి స్టార్టు చెయ్యమన్నారు. పెడలు కాలిక్రింద మెత్తగా కొంచెం దిగింది. డ్రైవరు మొగం అప్పుడు చూడవలసినదే!

మీటరు ముల్లు వణుకు మాని 16 దగ్గర నిలిచింది. పుస్తకంలో 18 నుండి 20 ఉండాలని వ్రాసి ఉన్నదే అని చిన్న యజమాని సందేహించారు. మేస్త్రీగారు నవ్వి, "ఆ పుస్తకం సముద్రపు ఒడ్డుకు వ్రాసినది, బాబూ" అన్నారు. 1000 అడుగుల ఎత్తుకు ఇంచుమించు ఒక అంగుళం తగ్గుతుందట. మన బెంగుళూరు 3000 అడుగులపైన ఉన్నది. ఇనుప వ్యాపారి ఆ సాయంత్రమే వచ్చి, టీ త్రాగి వెళ్లాడు.

ఏ గొట్టం ఏ మూతికో గుడ్డముక్కలమీద కన్నడంలోనూ తెలుగులోనూ వ్రాసి మేమే కట్టాము. డ్రైవరుకు కన్నడమే వచ్చు, మేస్త్రీగారి మనుమనికి తెలుగే వచ్చు. ఆ యేడు ఆయుధపూజకు అమ్మగారు ముందు సీటులో కూర్చున్నారు. దారిలో చినుకులు పడ్డాయి. ఎక్కుడులో వైపరు సగం అద్దం తుడిచి ఆగింది. ఎక్కుడులో తలుపు తెరుచుకుంటుంది గదా, దానికి లాగుడు చాలదు. దిగుడు రాగానే మళ్లీ టకటక ఆడింది.