అరవై ఒకటో పేజీ

ఏ పీడీఎఫ్ తెరిచినా సాఫ్ట్‌వేర్ మూసుకుపోతుంటే అది ఒక జబ్బు. ఒకే ఒక్క పీడీఎఫ్ దగ్గర మూసుకుపోతుంటే అది వేరే జబ్బు. రెండిటికీ మన దగ్గరున్న మందు మాత్రం ఒకటే. అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం. తగ్గకపోతే విండోస్ మళ్లీ వేయించడం. భద్రాచలంలో మా బాబాయి జిరాక్స్ షాపులో పోయిన వేసవి సెలవులంతా కూర్చుని నేను చూసింది ఈ వైద్యమే.

జిరాక్స్ షాపు అంటే చిన్నచూపు చూడకండి. 2014లో ఏడు మండలాలు ఆంధ్రలో కలిసినప్పుడు భద్రాచలం టౌను మాత్రం తెలంగాణలో ఉండిపోయింది. టౌను దాటీ దాటకముందే ఎటపాక, అది ఆంధ్ర. కాబట్టి బాబాయి టేబుల్ మీద రెండు రాష్ట్రాల కాగితాలుంటాయి. చర్ల, దుమ్ముగూడెం నుంచి వచ్చేవాళ్లవి ఒక రకం, చింతూరు, కూనవరం నుంచి వచ్చేవాళ్లవి ఇంకో రకం. కుల ధ్రువీకరణ, ఆదాయం, స్కాలర్‌షిప్, పోడు పట్టా. అటవీ హక్కుల చట్టం కింద క్లెయిమ్ పెట్టుకున్న మనిషి 2005 డిసెంబర్ 13కి ముందు నుంచే ఆ భూమి తన సాగులో ఉందని చూపించుకోవాలి. అందుకని పాత రసీదులూ నోటీసులూ అన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వస్తారు. అవన్నీ స్కాన్ అయ్యి ఒక పీడీఎఫ్ అవుతాయి. అది తెరుచుకోకపోతే ఆ మనిషి సాయంత్రం బస్సెక్కి వెనక్కి వెళ్లిపోవాలి, రేపు మళ్లీ కూలి పోగొట్టుకుని రావాలి. ఇక్కడ క్రాష్ అంటే అదీ.

"మళ్లీ పడిపాయె జూడమ్మా" అని బాబాయి రోజుకి నాలుగుసార్లు పిలిచేవాడు.

పడిపోయిన ప్రతిసారీ విండోస్ ఒక పంచనామా రాసి పెట్టుకుంటుంది. దాన్ని ఎవరూ తెరిచి చూడరు. స్టార్ట్‌లో ఈవెంట్ వ్యూయర్ అని కొట్టి, విండోస్ లాగ్స్‌లో అప్లికేషన్‌కి వెళ్తే ఎర్ర గుర్తుతో 1000 నంబర్ ఈవెంట్లు కనిపిస్తాయి. పడిపోయిన ప్రోగ్రాము పేరు ఒక లైన్లో, పడిపోయినప్పుడు పని ఎవరి చేతిలో ఉందో ఆ మాడ్యూల్ పేరు దాని కింద ఉంటాయి. ముఖ్యమైనది ఈ రెండోదే. బాబాయి మెషీన్‌లో వారం రోజుల క్రాష్‌లు చూస్తే దాదాపు అన్నిట్లోనూ రెండో లైన్లో ఉన్నది పీడీఎఫ్ రీడర్ ముక్క కాదు, ప్రింటర్ డ్రైవర్ ఫైలు. ఎందుకో ఆలోచిస్తే తెలిసింది: ఫైలు తెరిస్తే పడట్లేదు, ప్రింట్ నొక్కితేనే పడుతోంది. షాపులో తెరిచిన ప్రతి ఫైలూ ప్రింటుకే కదా, అందుకని అందరికీ "పీడీఎఫ్ పడిపోతోంది" అనిపించింది. పాత డ్రైవర్ తీసేసి ఆ ప్రింటర్ మోడల్‌కి సరిపోయేది వేశాం. రీడర్‌ని ముట్టుకోలేదు. ఆ జబ్బు పోయింది.

రెండో రకం స్కాన్ల వల్ల వచ్చింది. కాగితం పాతది, అక్షరం సన్నగా ఉంది, క్లియర్‌గా రావాలని బాబాయి అన్నిటినీ 600 డీపీఐ కలర్‌లో కొట్టేవాడు. ఒక ఏ4 పేజీ ఆ లెక్కన 4,960 అడ్డం, 7,016 నిలువు చుక్కలు. చుక్కకి మూడు బైట్లు. అంటే డిస్క్ మీద ఒక ఎంబీ కనిపించే పేజీ మెమరీలో విప్పితే 100 ఎంబీ పైమాటే. 32 బిట్ ప్రోగ్రాముకి విండోస్ మామూలుగా ఇచ్చే జాగా 2 జీబీ. చూసేసిన పేజీలను వెంటనే వదలని రీడర్ అయితే ఇరవై పేజీల కట్టకే ఊపిరాడదు. అదే పేజీని 200 డీపీఐ గ్రేలో స్కాన్ చేస్తే 4 ఎంబీ కూడా దాటదు, సంతకమూ ముద్రా చక్కగా కనిపిస్తాయి. ఈ లెక్క ఒక అట్టముక్క మీద రాసి స్కానర్‌కి అతికించాం. ఇంతకన్నా చెప్పాల్సిందేం లేదు దీని గురించి.

అసలు కథ మూడోది.

మే నెలలో ఒక సారు వచ్చారు. ఆశ్రమ పాఠశాలలో పనిచేసి రిటైరైన కోయ టీచరు, కూనవరం వైపు ఊరు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఊరూరా తిరిగి కోయ మాటలు పోగుచేశారు. ఖమ్మంలో డీటీపీ చేయించారు, మొదటి 60 పేజీలు ఒక ఆపరేటర్, మిగతావి ఇంకొకాయన. అచ్చుకి డబ్బు కుదరలేదు. ప్రింటవుట్ ఇంట్లో పెట్టెలో ఉండేది, పేజ్‌మేకర్ ఫైళ్లున్న సీడీ కూడా అందులోనే. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది గుర్తుందా? కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. అక్కడ ఏ ఇంట్లో ఏ పెట్టె మిగిలిందో వేరే చెప్పక్కర్లేదు. ఎప్పుడో కొడుక్కి మెయిల్ చేసిన పీడీఎఫ్ ఒక్కటే మిగిలింది. 212 పేజీలు.

అది 60వ పేజీ దాకా బాగానే కదిలేది. 61కి రాగానే రీడర్ మాయం. ఎర్రర్ మెసేజ్ కూడా లేదు, కిటికీ మూసుకుపోయి డెస్క్‌టాప్ కనిపించేది. సారు అప్పటికే రెండు షాపులు తిరిగొచ్చారు.

"ఫైలు చచ్చిపోయిందంటున్నారు పాపా. నిజమేనా?" అని అడిగారు. ఆయన గొంతులో బాధ కంటే మర్యాదే ఎక్కువ వినిపించింది, అది ఇంకా కష్టంగా అనిపించింది.

మూడు షాపుల్లో, మూడు మెషీన్లలో, అదే పేజీ దగ్గర పడిపోవడం నాకైతే మంచి వార్త. మెషీన్ మీద అనుమానం పోయినట్టే. ఎప్పుడు పడుతుందో తెలియని క్రాష్‌ని పట్టుకోవడం కష్టం, చెప్పిన చోటే చెప్పినట్టు పడేదాన్ని పట్టుకోవచ్చు. పంచనామాలో ఎర్రర్ కోడ్ చూస్తే సీ తర్వాత ఆరు సున్నాలు, చివర 5. తనది కాని మెమరీ జాగాలోకి ప్రోగ్రాము చెయ్యి పెట్టిందని దానర్థం. మరి దాన్ని అటు పంపిందెవరు?

ముందు అసలు ఫైలుకి కాపీలు తీసి రెండు పెన్‌డ్రైవుల్లో పెట్టి ఒకటి సారు చేతికిచ్చాం. తర్వాత క్యూపీడీఎఫ్ అనే ఉచిత టూల్‌తో ఫైలుని సగానికి కోశాను. మొదటి సగం 106 పేజీలు, పడింది. అనుకున్నదే. రెండో సగం తెరిస్తే అదీ పడింది. అంటే చెడ్డ పేజీ ఒక్కటి కాదు. అలా సగాలు కోసుకుంటూ పోతే చివరికి నాలుగు పేజీలు తేలాయి: 61, 108, 149, 190. మిగతా 208 పేజీలు శుభ్రంగా ఉన్నాయి. సారు నంబర్లు వినగానే "అవి ప్రకరణాలు మొదలయ్యే పేజీలు కదా" అన్నారు. నేనింకా టూల్‌ని అడగబోతున్నాను, ఆయనకి పుస్తకం తలలో ఉంది.

పాప్లర్‌తో వచ్చే పీడీఎఫ్‌ఫాంట్స్ అనే చిన్న టూల్ ఏ పేజీల్లో ఏ ఫాంట్లు ఉన్నాయో చెప్తుంది. ఆ నాలుగు పేజీల్లో మాత్రమే ఉన్న ఫాంటు ఒకటి కనిపించింది. రెండో ఆపరేటర్ గారు ప్రకరణాల పేర్లకి వంకీలు తిరిగిన ఫాంటు ఒకటి ముచ్చటపడి వాడారు. పీడీఎఫ్‌లోకి ఎక్కేటప్పుడు ఆ ఫాంటు సగంలో తెగిపోయింది. ఫాంటు ఫైలు మొదట్లో ఒక పట్టిక ఉంటుంది, ఏ వివరం ఎన్నో బైటు దగ్గర దొరుకుతుందో అందులో ఉంటుంది. ఇక్కడ పట్టిక మొత్తం ఉంది, అది చూపించే వివరాలే లేవు. జాగ్రత్తగా రాసిన రీడర్ అయితే "ఇంత దూరం ఫాంటే లేదే" అని ఆగుతుంది. ఇది ఆగలేదు, పట్టికని నమ్మి లేని చోటికి అడుగేసింది. (ఇలాంటి నమ్మకాల్లోంచే వైరస్‌లు కూడా దూరతాయి. రీడర్ అప్‌డేట్ అడిగితే విసుక్కోకండి.)

బాబాయి నమ్మలేదు. "రాళ్లల్లాంటి కంప్యూటర్లను నాలుగు అక్షరాలు పడగొడతయా?" అన్నాడు. అప్పుడు 2018 ఫిబ్రవరి సంగతి చెప్పాను. ఒకే ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో ఆ యాప్ పడిపోయేది, నోటిఫికేషన్‌లో వస్తే ఫోనే తిరగబడేది. ఆ అక్షరం "జ్ఞా". జ, పొల్లు, ఞ, మధ్యలో కంటికి కనపడని ఒక విడదీసే కోడ్, ఆపైన దీర్ఘం. ఈ వరసని ఎలా గీయాలో ఆ సాఫ్ట్‌వేర్‌కి అర్థం కాలేదు. ప్రపంచమంతా వార్తల్లోకెక్కింది. యాపిల్ అదే నెల 19న 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. ఆ కనపడని కోడ్ పెట్టకుండానే ఇక్కడ రాశాను, భయపడకండి. బాబాయి కాసేపు ఆలోచించి, "జ్ఞానం మొదటి అక్షరమే?" అని ఒకటే నవ్వు.

ఇక సారు ఫైలుకి చికిత్స. క్యూపీడీఎఫ్‌లో ఒక మోడ్ ఉంది, పీడీఎఫ్ లోపలి భాగాల్ని మామూలు ఎడిటర్‌లో చదవగలిగేలా విప్పి పెడుతుంది. అందులో ఆ తెగిన ఫాంటుని పిలిచే లైను వెతికి తీసేశాను. ఒక లైను తీస్తే తర్వాతి బైట్ల లెక్కలన్నీ జరుగుతాయి, వాటిని సరిచేయడానికి దాంతోపాటే ఇంకో టూల్ వస్తుంది. అదీ నడిపి ఫైలు తెరిచాం. 60. 61. నిలబడింది! 108, 149, 190 కూడా.

కానీ 61వ పేజీ పైన ప్రకరణం పేరు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, వాటి మధ్య ఫ్రెంచి వాళ్ల టోపీ అక్షరాలు, ఒక డాలర్ గుర్తు. సారు కళ్లద్దాలు సర్దుకుని "ఇదే భాష పాపా?" అన్నారు. నాలుగు పేజీల పేర్లూ ఆయనే చెప్పారు, మేం కొత్తగా టైప్ చేసి పైన అతికించాం. ఆ పూటకి పని అయిపోయింది. కొత్త ప్రింటవుట్ తీసి స్పైరల్ వేయించి ఇచ్చాం, బాబాయి డబ్బులు తీసుకోలేదు.

నాకు మాత్రం ఆ పిచ్చి అక్షరాలు మనసులో ఉండిపోయాయి. ఎందుకంటే అవి ఆ నాలుగు పేజీలవి మాత్రమే కాదు. మంచి పేజీలోంచి ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేసి చూడండి, అక్కడా అదే చెత్త. యూనికోడ్ వాడకం రాకముందు నుంచీ మన డీటీపీ అంతా అను ఫాంట్ల మీద నడిచింది. వాటిలో తెలుగు అక్షరం ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుంటుంది. కంప్యూటర్ దృష్టిలో అక్కడ తెలుగే లేదు, కోయ అంతకన్నా లేదు. ఫాంటు వేసుకున్న ముసుగు వల్ల మన కంటికి తెలుగులా కనపడుతోంది. తెగిన ఫాంటు తీసేసినప్పుడు ఆ నాలుగు చోట్ల ముసుగు జారింది, అంతే. పీడీఎఫ్‌ని తప్పు పట్టలేం. 1993లో అడోబీ దాన్ని తెచ్చిందే ఏ మెషీన్‌లో తెరిచినా పేజీ ఒకేలా కనపడాలని. కనపడటం దాని పని. లోపలున్నది ఏ భాషో తెలియాలంటే ఏ గుర్తుకి ఏ యూనికోడ్ అక్షరమో చెప్పే పట్టిక వేరే ఉండాలి. సారు ఫైల్లో ఒక్క ఫాంటుకీ అది లేదు.

దీనికి క్రాష్ రాదు. పంచనామాలో పేరుండదు. ఎవరూ షాపుకి పరిగెత్తుకు రారు.

కోయలో "ఏరు" అంటే నీళ్లు. మనకి ఏరు అంటే వాగు. "లోను" అంటే ఇల్లు, మనకి లోన అంటే లోపల. 2011 జనాభా లెక్కల్లో కోయ మాతృభాష అని చెప్పినవాళ్లు నాలుగు లక్షల పైన ఉన్నారు. వాళ్లలో ఒక పిల్ల ఫోన్లో "ఏరు" అని కొట్టి వెతికితే సారు పుస్తకంలో ఆ మాట ఉండీ దొరకదు. నాకు ఇది 61వ పేజీ కన్నా పెద్ద లోపంగా కనిపిస్తోంది.

అందుకని ఇప్పుడు పని మళ్లీ మొదలుపెట్టాం. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్లో ఉన్నాయి, ఉచితమే. వత్తుల దగ్గర తడబడతాయి, ఫాంటు వెర్షన్ తేడా వస్తే ఇంకా తడబడతాయి. మార్చిన పేజీ నేను ముందు పెట్టుకుంటా, ఆదివారాలు సారు ఫోన్లో స్పైరల్ పుస్తకం చూసి చదువుతారు, నేను దిద్దుతా. వాళ్ల ఊళ్లో సిగ్నల్ కోసం ఆయన గట్టు మీదికి రావాలి, వానొస్తే ఆ వారం లేనట్టే. ప్రస్తుతం 84వ పేజీలో ఉన్నాం. హాస్టల్లో ఎవరికైనా పాత అను కీబోర్డ్ తెలిసిన మావయ్యో పెదనాన్నో ఉంటే నాకు చెప్పండి, రెండో ఆపరేటర్ గారు వాడిన వత్తులు కొన్ని నాకింకా కొరుకుడు పడట్లేదు.

ఎడిటర్‌లో స్పెల్‌చెక్ ప్రతి కోయ మాట కిందా ఎర్ర గీత పెడుతోంది. మొదటి రోజే దాన్ని ఆపేశాను.